పాపను క్షమించమని అడిగితే తండ్రి స్థానం తగ్గుతుందా?

ఆవగింజ | గురువారం, రాత్రి 10:15

అందరికీ వందనాలు. నాలుగు రోజులుగా ఒక విషయం మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. పాస్టర్ గారిని అడుగుదామంటే మొహం చెల్లలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా పాపకి 11 ఏళ్లు. సోమవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరే టెన్షన్‌లో ఉన్నాను. ఆ రోజు ఇవ్వాల్సిన కాగితాలు బల్ల మీద పెట్టాను. పాప నీళ్ల గ్లాసు తీసుకోబోయి వాటి మీద ఒలకబోసింది. "పనికిమాలినదానా, ఒక్క పనైనా సరిగ్గా చేతనవుతుందా నీకు" అని అమ్మ ముందే అరిచాను. ఇంకా కొన్ని మాటలన్నాను, అవి ఇక్కడ రాయలేను. పాప ఏమీ అనలేదు. ఒక్కో కాగితం విడదీసి తన గౌను అంచుతో అద్దుతూ కూర్చుంది. దాని వేళ్లు వణకడం చూశాను. చూసి కూడా ఆపలేదు. అదే నన్ను తినేస్తోంది.

మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన ఉంటుంది. చివర్లో ప్రార్థన చేసేది పాపే. ఆ రాత్రి తల ఎత్తకుండా "మీరే చెయ్యండి నాన్నా" అంది. మర్నాడూ అంతే. నిన్నా అంతే.

దాన్ని క్షమించమని అడుగుతానంటే మా అమ్మ ఒప్పుకోవడం లేదు. "తండ్రి పిల్లల దగ్గర తగ్గితే రేపు నీ మాట ఎవరు వింటారు? రెండు రోజులు పోతే అదే మర్చిపోతుంది" అంటోంది. విశ్వాసంలో అమ్మ నాకంటే పెద్దది, ఆమె మాట తీసెయ్యలేను. వాక్యం ప్రకారం నేనేం చెయ్యాలి?

పాత దీపం | శుక్రవారం, ఉదయం 5:50

వందనాలు తమ్ముడూ. ముందుగా, ఇది రాసినందుకు దేవునికి స్తోత్రం. చాలామంది తండ్రులకి ఇది తప్పు అనే ఊహ కూడా రాదు.

అమ్మగారి మాటను తేలిగ్గా తీసుకోకు. "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" అన్న ఆజ్ఞకు ఇంట్లో ఒక వరస ఉంది, అది చెదిరితే పిల్లలకే నష్టం. నా సలహా ఏమిటంటే, పాపను దగ్గరికి తీసుకో, దానికి ఇష్టమైనది ఏదైనా తెచ్చిపెట్టు. పిల్లలకు ప్రేమ అర్థమవుతుంది. నోటితో అడగాల్సినంత అవసరం లేదనిపిస్తోంది.

ఒలీవ కొమ్మ | శుక్రవారం, ఉదయం 8:20

పెద్దవారి మాటకు అడ్డు చెబుతున్నానని అనుకోకండి బాబాయ్ గారూ. నేను ఆ పాప స్థానంలో పెరిగినదాన్ని.

మా నాన్న కూడా అరిచిన రోజు సాయంత్రం ఏదో ఒకటి తెచ్చేవారు. ఒకసారి రంగు పెన్సిళ్ల పెట్టె తెచ్చారు. చాలా రోజులుగా నేను అడుగుతున్నదే. ఒక్క పెన్సిల్ కూడా చెక్కలేదు నేను. పెట్టె తీసి చూసుకోవడం, మూసెయ్యడం. వాడితే ఆ పొద్దున జరిగింది సరే అని నేను ఒప్పుకున్నట్టు అవుతుందని ఆ వయసులోనే ఎందుకో అనిపించింది. నాకు కావాల్సింది "తప్పు నాది, నీది కాదు" అన్న ఒక్క మాట. అది వినబడలేదు కాబట్టి తప్పు నాదే అనుకుంటూ పెరిగాను.

పాప మర్చిపోతుందని నాయనమ్మ గారు అంటున్నారు. నాకిప్పుడు 38 ఏళ్లు. ఆ పెట్టె మూత మీద ఉన్న బొమ్మ ఇప్పటికీ గుర్తుంది.

రెండో మైలు | శుక్రవారం, ఉదయం 11:02

ఆవగింజ బ్రదర్, మీ పోస్టు చదవగానే మత్తయి 5 తెరిచాను. ఇది బహుశా మీకు ముందే తట్టి ఉంటుంది, అయినా రాస్తున్నాను.

22వ వచనంలో యేసు కోపం గురించి చెబుతూ ఒక తిట్టును ప్రత్యేకంగా ఎత్తి చూపించారు. మన బైబిల్లో అది "వ్యర్థుడా" అని ఉంది. మూలంలో ఉన్నది "రాకా", అరామిక్ మాట. ఖాళీ బుర్రవాడు, ఎందుకూ కొరగానివాడు అనే అర్థం. ఆ రోజుల్లో వీధిలో మామూలుగా దొర్లే తిట్టు. మనం ఇంట్లో వాడే "పనికిమాలినవాడా"కి ఇంతకంటే దగ్గరి మాట లేదు. నరహత్య గురించి చెప్పిన వెంటనే, అదే వరసలో ఆయన ఈ మాటను పెట్టారు. ఎవరినీ భయపెట్టడానికి చెప్పట్లేదు. "ఏదో నోరు జారింది" అని మనం తుడిచేసుకునే మాట ఆయనకు అంత చిన్నదిగా కనిపించలేదు.

ఆ వెంటనే 23, 24 వచనాలు. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతూ ఉంటే గుర్తొచ్చిందట. ఏమని? "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని". ఇక్కడ కొంచెం ఆగాలి. వాళ్ల మీద నాకున్న కోపం సంగతి కాదు అక్కడున్నది, నా వల్ల వాళ్ల మనసులో మిగిలిన బాధ సంగతి. మనం ఎప్పుడూ "నేను అందర్నీ క్షమించేశాను, నా మనసులో ఏం లేదు" అని ప్రార్థనకు కూర్చుంటాం. అవతలివాళ్ల మనసులో ఏముందో చూడమంటోంది వాక్యం.

ఇంకోటి. ఈ మాటలు యేసు గలిలయలో చెబుతున్నారు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. కాలినడకన సుమారు మూడు రోజుల దారి. విన్న గలిలయవారికి అర్థమై ఉంటుంది, అర్పణ అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లి సమాధానపడి మళ్లీ రావడమంటే వారం మాట. అంత దూరమైనా వెనక్కి వెళ్లమన్నారు. మీకైతే ముందు గదిలోంచి లోపలి గదికి వెళ్లడమే.

పాప ప్రార్థన చెయ్యనంటోందని మీరు బాధపడుతున్నారు. నాకు మాత్రం పాప ఆ వాక్యాన్ని తనకు తెలియకుండానే పాటిస్తున్నట్టు అనిపించింది. సమాధానం లేనిచోట అర్పణ పెట్టలేకపోతోంది.

ఆవగింజ | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

"రాకా" సంగతి నాకు తెలియదు బ్రదర్. ఆ వచనం ఎన్నిసార్లో చదివాను. పైకి చదివి వినిపించాను కూడా, పాపకే. ప్రస్తుతానికి ఏం రాయలేకపోతున్నాను.

తోమాలా అడిగేవాడు | శుక్రవారం, సాయంత్రం 6:45

నాకు రెండు అనుమానాలు. వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

ఒకటి, సారీ చెప్పడం సులువైపోయింది. నేను మా ఆవిడకు వారానికి మూడుసార్లు చెబుతాను. నాలుగోసారి మళ్లీ అదే గొంతు, అదే విసురు. అలాంటప్పుడు ఆ మాటకు విలువేముంది?

రెండు, మనసులో ఇంకా చిరాకు ఉండగా నోటితో క్షమాపణ అడగడం వేషధారణ కాదా? యేసు అన్నింటికంటే ఎక్కువగా గద్దించింది వేషధారులనే కదా.

అత్తిచెట్టు నీడ | శుక్రవారం, రాత్రి 9:10

తోమా తమ్ముడూ, మొదటి ప్రశ్నకు నా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా అబ్బాయి 9వ తరగతిలో ఉండగా ఒకరోజు వాణ్ణి అనరాని మాట అని, కాసేపటికి వెళ్లి "సారీ రా నాన్నా, కానీ నువ్వు కూడా కొంచెం చూసుకోవాలి కదా" అన్నాను. వాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "అమ్మా, నువ్వు సారీ చెప్పట్లేదు, మళ్లీ తిడుతున్నావు" అన్నాడు. నిజమే. "కానీ" అన్న మాట వచ్చిందంటే దాని ముందు అన్నదంతా కొట్టుకుపోయినట్టే. ఆ రోజు నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం: క్షమించమని అడిగే వాక్యంలో "కానీ" ఉండకూడదు. వాడు సరిదిద్దుకోవాల్సింది ఉంటే మర్నాడు, వేరే వేళలో చెబుతాను. అప్పుడు వింటాడు కూడా.

ఇంకో సంగతి బైబిల్లోని పన్ను వసూలుదారుడు జక్కయ్యది. "నన్ను క్షమించండి ప్రభువా" అని ఊరుకోలేదతను. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8). డబ్బు తిరిగివ్వొచ్చు, మరి మాటను ఎలా తిరిగివ్వాలి? నేను ఆలోచించుకున్నది ఇది: ఏ విషయంలో చేతకానివాడివి అన్నానో ఆ విషయంలోనే నమ్మకం తిరిగివ్వాలి. ఆవగింజ బ్రదర్, పాప చేతికి మళ్లీ ఏదైనా ముఖ్యమైన పని అప్పగించండి. ఆ బల్ల మీదే, ఆ కాగితాల పనే అయితే ఇంకా మంచిది. అప్పుడు మీ మాట దానికి నమ్మబుద్ధి అవుతుంది.

రెండో మైలు | శుక్రవారం, రాత్రి 10:25

తోమా బ్రదర్ రెండో అనుమానం మీద. కోరీ టెన్ బూమ్ సంగతి మీలో కొందరు విని ఉంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన విశ్వాసి. రెండో ప్రపంచ యుద్ధంలో యూదులను ఇంట్లో దాచినందుకు ఆ కుటుంబాన్ని అరెస్టు చేశారు. ఆమెనూ అక్క బెట్సీనీ నాజీల రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో పెట్టారు, బెట్సీ 1944 డిసెంబరులో అక్కడే చనిపోయింది. 1947లో మ్యూనిక్‌లో క్షమాపణ గురించి ప్రసంగించాక ఒకతను ఆమె దగ్గరకు వచ్చి చెయ్యి చాచాడు. ఆ శిబిరంలో కాపలా ఉన్నవాళ్లలో ఒకడు. గుర్తుపట్టింది. చెయ్యి పైకి లేవలేదు. మనసులో ప్రేమ అనేదే లేదని ఆమే చెప్పుకుంది. "చెయ్యి మాత్రం ఎత్తగలను, ఆ మనసు నువ్వివ్వు" అన్న అర్థంలో ప్రార్థన చేసి చెయ్యి అందించింది. ప్రేమ ఆ తరువాత వచ్చింది.

వేషధారణ అంటే లేనిదాన్ని ఉన్నట్టు చూపించి మనుషుల మెప్పు పొందడం. ఇక్కడ మెప్పు ఎక్కడుంది? మనసు రాకముందే విధేయత చూపించడం వేషం కాదు, విశ్వాసం.

ఒలీవ కొమ్మ | శుక్రవారం, రాత్రి 10:50

మంచి సాక్ష్యమే బ్రదర్. అయినా నాకో తేడా కనిపిస్తోంది. ఆమె ఆ మనిషికి ఒక్కసారి చెయ్యిచ్చి వెళ్లిపోయింది. ఇంట్లో మనుషుల్ని రోజూ పొద్దున్నే చూడాలి. నాకైతే రెండోదే కష్టం. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగితే యేసు డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడులసార్లు) అన్నది ఇంట్లోవాళ్ల కోసమే అనిపిస్తుంది నాకు. బయటివాళ్లు అన్నిసార్లు మన జోలికి రారు కదా.

పేరు వద్దు | శనివారం, తెల్లవారుజామున 2:12

అందరూ క్షమించడం గురించి రాస్తున్నారు. మా ఇంట్లో అరుపులతో ఆగదు. చెయ్యి చేసుకుంటారు. మర్నాడు ఏడ్చి క్షమించమంటారు. పెద్దవాళ్లకు చెబితే డెబ్బది ఏళ్ల మారులు అనే ఆ వాక్యమే చూపించారు. నేను క్షమించకపోతే నా ప్రార్థన దేవుడు వినడా?

నిర్వాహకురాలు | శనివారం, ఉదయం 5:30

చెల్లీ, ముందుగా ఇది వినండి. మీరు ప్రమాదంలో ఉన్నారు. ఈ రోజే మీరు నమ్మే ఒక మనిషికి జరిగింది జరిగినట్టు చెప్పండి. తల్లివైపువాళ్లు కావచ్చు, స్నేహితురాలు కావచ్చు, డాక్టరు కావచ్చు. పోలీసుల సాయం, మహిళల హెల్ప్‌లైన్ సాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు. పిల్లలుంటే వాళ్లతో సహా సురక్షితంగా ఉండగలిగే చోటు ముందే చూసుకోండి. మీకు విడిగా సందేశం పంపాను, దయచేసి చూడండి.

మీ ప్రార్థన దేవుడు వింటాడు. ప్రార్థనలకు అభ్యంతరం అన్న మాట 1 పేతురు 3:7లో ఉంది, అది భార్యను సన్మానించని భర్తల గురించి రాసిన మాట. ఆ వాక్యం మీకు చూపించాల్సింది కాదు.

రెండో మైలు | శనివారం, ఉదయం 7:15

అక్కా, ఒక్కటే చెబుతాను. రాజైన సౌలు దావీదును చంపాలని మళ్లీ ఈటె విసిరితే దావీదు తప్పించుకుని పారిపోయాడు. తిరిగి ఈటె విసరలేదు, అలాగని ఆ తరువాత సితారా పట్టుకుని వెళ్లి ఎదురుగా కూర్చోనూ లేదు. ఏన్గెదీ గుహలో సౌలు తన చేతికి చిక్కినా దావీదు చంపలేదు, వదిలేశాడు. అప్పుడు సౌలు బిగ్గరగా ఏడ్చి, నువ్వు నాకంటే నీతిమంతుడివి అన్నాడు. ఆ కన్నీళ్లు చూశాక కూడా దావీదు అతని వెంట ఇంటికి వెళ్లలేదు. 1 సమూయేలు 24 చివరి వచనం చూడండి: సౌలు తన ఇంటికి, దావీదు తన కొండస్థలానికి. మనసులో పగ లేదు, అయినా దూరం ఉంది. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

పేరు వద్దు | శనివారం, ఉదయం 8:40

సందేశం చూశాను. మా పిన్నికి ఫోన్ చేస్తున్నాను.

పాత దీపం | శనివారం, సాయంత్రం 4:30

ఆ చెల్లి కోసం పొద్దుట్నుంచి ప్రార్థిస్తున్నాను.

ఆవగింజ తమ్ముడూ, నిన్న నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. ఒలీవ కొమ్మ తల్లి రాసిన పెన్సిళ్ల మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నేనూ నా పిల్లలకు అలా వస్తువులు తెచ్చిపెట్టినవాణ్ణే.

ఎఫెసీ 6 చూశాను. మొదటి మూడు వచనాలు పిల్లలకు. అవి నాకు కంఠతా వచ్చు. నాలుగోది "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక". ఇది చెప్పమంటే తడుముకుంటాను. పౌలు ఈ పత్రిక రాసిన కాలంలో రోమా చట్టం ఇంటి యజమానికి పిల్లల మీద అంతులేని అధికారం ఇచ్చింది. పుట్టిన బిడ్డను ఇంట్లో ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా అతనిదే నిర్ణయం. అలాంటి తండ్రులకు రాసిన ఉత్తరంలో పిల్లల మనసు గురించి ఆజ్ఞ పెట్టాడు. కొలొస్సయులకైతే కారణం కూడా చెప్పాడు, వాళ్ల "మనస్సు క్రుంగకుండునట్లు" అని. నువ్వు చూసిన ఆ వణికే వేళ్లు అవే.

అడుగు తమ్ముడూ. ఒక్కటి మాత్రం నా అభిప్రాయం మార్చుకోలేదు. పాపతో ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. అందరి ముందు అడిగితే పాపకే ఇబ్బంది.

అత్తిచెట్టు నీడ | శనివారం, సాయంత్రం 5:05

అన్నయ్యా, నేను దీనికి ఒప్పుకోలేను. తిట్టింది అందరి ముందు. పాప చిన్నబోయింది నాయనమ్మ ముందు. అందరూ చూస్తుండగా పోయిన పరువు చాటుగా తిరిగొస్తుందా?

తోమాలా అడిగేవాడు | శనివారం, సాయంత్రం 7:20

ముందు పాపతో ఒంటరిగా అడిగి, అందరి ముందు చెప్పొచ్చా అని పాపనే అడిగితే సరిపోతుందేమో.

ఇంకో మాట. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని పట్టుకుని మేమిద్దరం అర్ధరాత్రి దాకా గొడవ తేల్చుకోవాలని కూర్చుని ఇంకా పెద్దది చేసుకున్న రోజులున్నాయి. ఆ వచనంలో పౌలు ఎత్తుకున్నది 4వ కీర్తన నాలుగో వచనం. అక్కడికి వెళ్లి చూస్తే పడకల మీద ఉన్నప్పుడు హృదయాల్లో ధ్యానం చేసుకుని "ఊరకుండుడి" అని ఉంది. తేల్చుకునేదాకా మాట్లాడమని లేదు. అది చూశాక మా ఇంట్లో రాత్రి తొమ్మిది దాటితే గొడవ అక్కడికి ఆపేస్తున్నాం. "పొద్దున మాట్లాడదాం, నేను నీ పక్షమే" అని ఒక మాట అనుకుని పడుకుంటున్నాం. సారీలు వారానికి మూడు నుంచి ఒకటికి వచ్చాయి.

ఆవగింజ | ఆదివారం, రాత్రి 9:55

అడిగాను.

ఈ రోజు ఆరాధనకు వెళ్లకముందే. పాప బూట్ల తాడు కట్టుకుంటోంది. పక్కన కింద కూర్చున్నాను. మనసు పూర్తిగా సిద్ధంగా లేదు, నిజం చెబుతున్నాను. ఆ కాగితాల వల్ల ఆఫీసులో పడ్డ మాటలు ఇంకా గుర్తున్నాయి. "సోమవారం నిన్ను పనికిమాలినదానివి అన్నాను. అది అబద్ధం. తప్పు నాది. నన్ను క్షమిస్తావా" అన్నాను. "కానీ" నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పాప తాడు ముడి విప్పి మళ్లీ కట్టింది. చాలాసేపటికి "మళ్లీ అంటారా?" అని అడిగింది. అననని మాటివ్వాలనిపించింది, ధైర్యం చాలలేదు. "అనకూడదని ప్రార్థిస్తున్నాను. నోటిదాకా వస్తే నువ్వు 'నాన్నా' అని పిలువు, ఆగిపోతాను" అన్నాను. "సరే" అంది. అంతే. ఏడవలేదు, వచ్చి హత్తుకోలేదు. నాయనమ్మ ముందు చెప్పొచ్చా అని అడిగితే కాసేపు ఆలోచించి తలూపింది.

మధ్యాహ్నం అమ్మ ముందు అదే మాట చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. తరువాత ఆఫీసు కాగితాలు బల్ల మీద పరిచి, పేజీల వరస సరిచూసి పెట్టమని పాపకిచ్చాను. ముందు వెళ్లి నీళ్ల గ్లాసు తీసి కిటికీ దగ్గర పెట్టి వచ్చింది.

రాత్రి ప్రార్థనలో పాప ప్రార్థన చెయ్యలేదు. నేను బలవంతం చెయ్యలేదు. వాక్యం మాత్రం తనే చదివింది.

ఒలీవ కొమ్మ | ఆదివారం, రాత్రి 10:10

చదివింది కదా. దానికి కావాల్సినంత సమయం తీసుకోనివ్వండి. మీరు "అది అబద్ధం" అన్నారు చూడండి, ఆ ఒక్క మాట కోసం నేను ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.

ఆవగింజ | బుధవారం, రాత్రి 11:20

నిన్న సాయంత్రం మళ్లీ గొంతు పెంచాను. వేరే విషయం. పాప "నాన్నా" అంది. ఆగాను. మధ్యలో ఆగడం ఇంత కష్టమని తెలియదు, మాటలు గొంతులోనే ఉండిపోతే ఛాతీ నొప్పిగా ఉంటుంది. బయటికి వెళ్లి నిలబడి వచ్చాను. ఈ రాత్రి ప్రార్థన పాపే చేసింది, మామూలుకంటే చిన్నగా.

ఇది రాయాలో వద్దో తెలియలేదు. పాప పడుకున్నాక అమ్మ నా దగ్గరకొచ్చి కూర్చుంది. కాసేపు బైబిల్ పేజీలు తిప్పింది, చదవలేదు. తరువాత "మీ నాన్న ఒక్కసారైనా నన్ను అలా అడిగి ఉంటే" అంది. వాక్యం పూర్తి చెయ్యలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది. నాన్న చనిపోయి తొమ్మిదేళ్లయింది.

అమ్మ గదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. వెళ్లనా వద్దా అని ఇక్కడే కూర్చున్నాను.

పాత దీపం | బుధవారం, రాత్రి 11:31

వెళ్లు తమ్ముడూ. ఏం మాట్లాడాలని ఆలోచించకు. పక్కన కూర్చో చాలు.